దడ ఎంత?

"ఏవండీ, లిఫ్టు గారూ!"

మెట్ల మలుపు దగ్గర టక్కున ఆగిపోయాను. నా చొక్కా వీపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'లిఫ్ట్ సర్వీస్' అని ఉంటుంది. దాంతో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నన్ను చుట్టాన్ని పిలిచినట్టు పిలిచేస్తారు.

కిందికి తొంగి చూశాను. లిఫ్ట్ ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. వానకి సగం తడిసింది, కోపానికి సగం ఆరినట్టుంది. ఆమె ఎదురుగా లిఫ్ట్ తలుపులు మూసుకోబోయి తెరుచుకుంటున్నాయి, మళ్ళీ మూసుకోబోతున్నాయి.

"దీన్ని చూడాల్సిన మనిషి మీరే కదా? మెట్లెక్కి పారిపోతున్నారేంటి?"

"నేను డ్యూటీలో లేనండీ."

"మరి ఆ చొక్కా ఎందుకు వేసుకొచ్చారు? అందం కోసమా?"

"తలుపు కింద గాడిలో ఏదో ఇరుక్కుని ఉంటుంది. తీసేస్తే సరిపోతుంది."

"అదేదో మీరే తీయొచ్చుగా?"

తీయొచ్చు. వంగి వేలితో లాగేస్తే అయిపోయే పని. కానీ వంగాలంటే ఆ తలుపు ముందు కూర్చోవాలి. కూర్చుంటే లోపలి ఇనప గది కనిపిస్తుంది. అది తలుచుకోగానే నా అరచేతులు తడిసిపోయాయి, నాలుక పిడచగట్టింది.

"అర్జెంటు పనుందండీ!" అని రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగు పెట్టాను.

"మీ ఆఫీసుకి ఫోన్ చేస్తా, చూడండి!" అన్న మాట నా వెనకే ఐదో అంతస్తు దాకా వచ్చింది.

ఐదో అంతస్తులో ఒక మామూలు గది. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్యలో బల్ల కూడా లేదు, దాక్కోవడానికి ఏమీ లేదు. ఒక కుర్చీలో ముసలి మాస్టారు కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. ఇంకో కుర్చీలో మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి వచ్చిన టైలరక్క. వాళ్ళ మధ్య డాక్టరమ్మ. గ్రూప్ థెరపీ అంటే ఏదో యంత్రాలుంటాయని అనుకున్నాను. కుర్చీలే.

నేను కూర్చుని ఊపిరి తీసుకునేలోపు తలుపు తెరుచుకుంది. కింద నా మీద కేకలేసిన అమ్మాయి!

"మీరా!" అంది.

"మీకు ముందే పరిచయమా?" అంది డాక్టరమ్మ.

"ఈయనేనండీ. లిఫ్ట్ పాడైతే బాగుచేయకుండా పరుగెత్తినాయన."

ఆమె నా ఎదుటి కుర్చీలో కూర్చుని, పెదాలు కదుపుతూ గదిలో అందరినీ చూసింది. మనుషుల తలలు లెక్కపెడుతోందని అప్పుడు నాకు తెలియదు.

కొత్తవాళ్ళం ఇద్దరం ఉన్నామని డాక్టరమ్మ పద్ధతులు చెప్పింది. పేర్లు గొడుగుల్లా బయట వదిలేసి రావాలి. ఇక్కడ విన్నది గడప దాటకూడదు. కూర్చోగానే ఒక్కొక్కరు ఆ రోజు దడ పదికి ఎంతో చెప్పాలి, ఉన్నది ఉన్నట్టు.

"ఇంకొకటి. బయట ఒకరికొకరు ఎదురుపడితే తప్పు లేదు. కానీ ఆ సంగతి ఇక్కడ చెప్పాలి. ఇద్దరు కలిసి రహస్యం దాచుకుంటే మిగతావాళ్ళు గోడవతల ఉన్నట్టే. అది స్నేహం దాటితే, ఇద్దరిలో ఒకరు ఈ సోమవారం గ్రూపు వదిలి గురువారం గ్రూపుకి మారాలి."

"నిలబడటానికే ఓపిక లేనివాళ్ళం, మాకెందుకమ్మా ఆ భయం?" అన్నారు మాస్టారు.

"సరే, లిఫ్టబ్బాయ్. దడ ఎంత?" అని డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"ఎనిమిది."

"దేనికి?"

నాలుగు జతల కళ్ళు నా మీద ఉన్నాయి. చొక్కా విప్పేసి వస్తే బాగుండేదనిపించింది.

"నాకు... లిఫ్టంటే భయమండీ."

టైలరక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. మాస్టారి కర్ర ఊగింది. చివరికి నాకూ నవ్వొచ్చింది. ఈ మాట ఇంట్లో అమ్మకి చెప్పలేక, రక్తం తక్కువైందని అబద్ధం చెప్పి నెలల తరబడి బలం మందులు మింగాను. ఇక్కడ చెప్పేశాను, పైకప్పేమీ కూలలేదు.

ఎదుటి అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"అయ్యో," అంది. "కింద నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నా. ఫోన్ కూడా చెయ్యన్లెండి."

జరిగింది చెప్పాను. లిఫ్ట్ పెట్టె పైకప్పు మీద నిలబడి పట్టాలకి నూనె రాస్తున్నాను. పైన ఉండే స్విచ్చి ముందుగా ఆపాలి. మర్చిపోయాను. ఏ అంతస్తులోనో ఎవరో బటన్ నొక్కారు, పెట్టె నన్ను మోసుకుని పైకి బయల్దేరింది. చీకట్లో నెత్తి మీది స్లాబు దగ్గరికొచ్చేస్తోంది. బోర్లా పడుకున్నాను. పెట్టె ఆగేసరికి వీపుకీ స్లాబుకీ మధ్య జానెడు సందు మిగిలింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి తలుపు మూసుకునే చప్పుడు వింటే ఊపిరి అందదు, చచ్చిపోతున్నాననే అనిపిస్తుంది.

"నాది నీళ్ళు," అంది ఆ అమ్మాయి. "చిన్నపిల్లలకి ఈత నేర్పిస్తాను. ఒక రోజు తలలు లెక్కపెడితే ఒకటి తక్కువొచ్చింది."

మాస్టారు కర్ర మీద నుంచి గడ్డం ఎత్తారు.

"వెంటనే దూకి పైకి లాగేశాను. పాప దగ్గింది, నవ్వింది, మళ్ళీ దూకుతానంది. దానికేం కాలేదు. నాకే అయ్యింది. ఇప్పుడు బస్సెక్కినా తలలు లెక్కపెడతా. కొలను గట్టు మీద నిలబడితే కాళ్ళు చచ్చుబడిపోతాయి. టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు."

ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే గుండె తేలికయింది. జబ్బు తగ్గలేదు. కానీ ఇది నా ఒక్కడికే పట్టిన దయ్యం కాదని తెలిసింది.

ఆ గది ఎలా పనిచేస్తుందో వారాలు గడిచేకొద్దీ అర్థమైంది. డాక్టరమ్మ తక్కువ మాట్లాడేది. ఒకరికి పట్టిన ముడి ఇంకొకరి చేతిలో వదులయ్యేది. టైలరక్క దుకాణంలో ఒకసారి ఇస్త్రీ పెట్టె ఆపకపోతే నిప్పంటుకుంది. అప్పట్నించీ ఆవిడ ఇంటికి వెళ్ళే దారిలో సగం నుంచి వెనక్కి తిరిగి స్విచ్చి చూసుకునేది. "ఆపేటప్పుడు క్లాసులో హాజరు పలికినట్టు గట్టిగా 'ఆపేశాను' అని పలుకమ్మా," అన్నారు మాస్టారు. తర్వాతి వారం టైలరక్క, "ఒక్కసారే వెనక్కెళ్ళాను!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాస్టారి భార్య నిద్రలోనే పోయింది, ఆయన పక్కనే. ఆ తర్వాత ఆయన మంచం ఎక్కలేదు. కుర్చీలో కూర్చునే తెల్లవారుస్తారు.

ఒక రోజు డాక్టరమ్మ, "ఇవాళ అందరం లిఫ్ట్ దాకా వెళ్దాం," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

లిఫ్ట్‌లో అందరూ నా చుట్టూ నిలబడ్డారు. తలుపులు దగ్గరకొచ్చాయి. ఆ చప్పుడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, చేతుల్లో సత్తువ లేదు, కళ్ళ ముందు చీకట్లో స్లాబు దిగుతోంది. అరుద్దామంటే నోరు పెగల్లేదు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," అంటోంది ఈత టీచరు. నా కళ్ళలోకి సూటిగా చూసింది. "ఐదు. అందరం ఉన్నాం. మీరూ ఉన్నారు."

ఒక్క అంతస్తు దిగాం. తలుపులు తెరుచుకున్నాయి. నేను గోడకి చేరబడి ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు, మాస్టారు నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారంతే. ఈ నలుగురూ లేకపోతే నేను మళ్ళీ ఊపిరాడని ఆ మనిషినైపోతానని ఆ క్షణంలో అనిపించింది. ఆ గది పోవడం అన్నది తలుచుకుంటేనే వణుకు పుట్టింది.

సరిగ్గా ఆ రోజే, వాన కుండపోతగా కురుస్తుంటే, బస్టాప్ రేకు కింద ఈత టీచరు కనిపించింది.

"లిఫ్టబ్బాయి గారూ, బస్సుకైతే భయం లేదా?"

"దానికి మూల మూలకీ కిటికీలున్నాయి కదండీ."

"నీళ్ళు చూస్తే?"

"ఈత రాదు."

"అయితే మీకు భయపడటానికి ఇంకా బోలెడు మిగిలే ఉందన్నమాట!"

వాన తగ్గేదాకా నవ్వుకున్నాం. అసలు పేర్లు చెప్పుకున్నాం. అవి మీకు చెప్పను, గది పద్ధతి గదిదే. తర్వాతి సోమవారం కూడా అక్కడే కలిశాం, ఆ తర్వాతిదీ. ఆమె మూడు బస్సులు వదిలేసేది. మా రూటు బస్సు రాలేదని నేను అబద్ధమాడేవాణ్ణి. అది మా ఎదురుగానే ఆగి, హారన్ కొట్టి మరీ వెళ్ళిపోయేది.

"గ్రూపులో చెప్పాలేమో?" అంది ఒకసారి, గొంతు తగ్గించి.

"చెప్తే మనలో ఒకరిని గురువారానికి పంపేస్తారు."

ఆమె మొహం పాలిపోయింది. "నాకు కొత్తవాళ్ళ ముందు మళ్ళీ మొదట్నించీ చెప్పే ధైర్యం లేదండీ."

"నాకు మాత్రం ఉందా?"

అలా ఇద్దరం నోరు మూసుకున్నాం. గదిలో ఒకరికొకరు అంతగా తెలియనట్టు కూర్చునేవాళ్ళం. ఎవరికీ అనుమానం రాకూడదని దడ ఎంతంటే ఆమె 'రెండు' అనేది, నేను 'మూడు' అనేవాణ్ణి. నిజానికి నాకు మునుపటికన్నా ఎక్కువైంది. తలుపు చప్పుడుకి మాత్రమే వచ్చే దడ ఇప్పుడు డాక్టరమ్మ కళ్ళలోకి చూసినా వస్తోంది.

ఒక సోమవారం వానకి గాలి తోడైంది. నా గొడుగు ఇద్దరికీ చాలదు. పిడి వంగిపోతుంటే ఇద్దరం ఒకేసారి పట్టుకున్నాం. ఆమె వేళ్ళ మీద నా వేళ్ళు పడ్డాయి. నేను తియ్యలేదు. ఆమె తియ్యలేదు.

ఉన్నట్టుండి ఆమె మొహంలో రంగు పోయింది. కళ్ళు మూసుకుని నిదానంగా ఊపిరి తీసి వదలడం మొదలుపెట్టింది. దడ వచ్చినప్పుడు డాక్టరమ్మ చెయ్యమన్న పద్ధతి అది.

"ఏమైందండీ?"

"నేను... నేను వెళ్ళాలి." గొడుగు వదిలేసింది. వానలోకి పరుగెత్తి, ఏ బస్సో కూడా చూడకుండా ఎక్కేసింది.

నేను కొయ్యబారిపోయాను. నీళ్ళంటే ఆమెకు వచ్చే దడ, లిఫ్టంటే నాకు వచ్చే దడ, ఇప్పుడు నేనంటే ఆమెకి వచ్చింది. అంతకు మించి నాకేమీ తోచలేదు. ఆ వారం పనిలో లిఫ్ట్ గది వైపు కన్నెత్తి చూడలేకపోయాను. మిద్దె మీద మోటారు దగ్గరే కూర్చుని, కడుపు నొప్పని సూపర్‌వైజర్‌కి చెప్పాను.

మళ్ళీ సోమవారం. ఆమె నా ఎదురుగా కూర్చోలేదు, తలుపు పక్కన కూర్చుంది.

"ఈత టీచరు గారూ, దడ ఎంత?"

"తొమ్మిది."

"దేనికో చెప్పగలరా?"

"తెలీదండీ," అంది నేలకేసి చూస్తూ.

"లిఫ్టబ్బాయ్?"

"రెండు," అన్నాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది.

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "ఇదేంటమ్మా? పోయిన వారం రెండన్నావు కదా?" ఆయన గడ్డం వణికింది. "ప్రతి రాత్రీ మంచం దగ్గరకెళ్ళి మీ ఇద్దర్నీ తలుచుకునేవాణ్ణి. ఆ పిల్లలకి తగ్గుతోంది, నాకూ తగ్గుతుంది అని. మొన్న కాసేపు నడుం కూడా వాల్చాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఇంత ఎత్తున లేస్తుందంటే... ఇంకెందుకమ్మా నాకీ తిప్పలు? నేనిక రాను."

ఆయన కర్ర పట్టుకుని లేచారు. డాక్టరమ్మ, "ఒక్క నిమిషం కూర్చోండి," అంది. ఆయన వినిపించుకోకుండా తలుపు వైపు అడుగు వేశారు.

నోరు తెరిస్తే ఈ గది పోతుంది. ఆమె ఎలాగూ పోయినట్టే. తెరవకపోతే ఆ ముసలాయన ఇంటికెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని ఉంటాడు, అదీ నేను చెప్పిన దొంగ అంకెల వల్ల. ముచ్చెమటలు పోశాయి. ఆ రోజు లిఫ్ట్ పైన కూడా నేనింత భయపడలేదు.

"మాస్టారూ, ఆగండి. నాది రెండు కాదు. పది."

ఆయన ఆగారు.

"పోయిన వారం మూడూ కాదు. అంతకు ముందూ కాదు. మేమిద్దరం ప్రతి సోమవారం బస్టాప్‌లో కలుసుకుంటున్నాం. ఇక్కడ తెలిస్తే ఒకర్ని పంపేస్తారని అబద్ధపు అంకెలు చెప్పాం." ఊపిరి అందలేదు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. "నాకు ఈవిడంటే ఇష్టం. ప్రాణం."

"అమ్మయ్యో!" అంది టైలరక్క, టేపు గట్టిగా పట్టుకుని.

"పోయిన వారం నా చెయ్యి తగిలి ఆవిడ దడతో పారిపోయారు. ఆవిడకి ఎంతో కొంత తగ్గిన మాట నిజం మాస్టారూ, చెడగొట్టింది నేను. మీరు ఉండండి, నేను వెళ్ళిపోతాను."

"ఆగండాగండి," అంది ఈత టీచరు. తల ఎత్తింది. "మీ చెయ్యి తగిలి పారిపోయానని ఎవరు చెప్పారు?"

"నేను చూశాను కదండీ, ఊపిరి..."

"జబ్బు తిరగబెట్టిందనుకుని పారిపోయాను! అరచేతులు చెమటలు, నోరెండిపోయింది, గుండె ఒకటే కొట్టుకోవడం. అచ్చం కొలను గట్టు మీద వచ్చినట్టే. ఊపిరి పద్ధతి చేశా, తగ్గలేదు. ఇంటికెళ్ళి చన్నీళ్ళతో మొహం కడుక్కున్నా, తగ్గలేదు. వారమంతా జనం తలలు లెక్కపెడదామంటే ఒక్క తల దగ్గరే ఆగిపోతున్నా."

"ఎవరిదమ్మా ఆ తల?" అంది టైలరక్క, ఏమీ ఎరగనట్టు.

"ఈ మొద్దు తలే!" అని నన్ను చూపించి ఏడ్చేసింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరమ్మ ఆమె వైపు వంగి మెల్లగా అడిగింది. "భయానికీ ఇష్టానికీ గుండె ఒకేలా కొట్టుకుంటుంది. అంకె చూస్తే తేడా తెలీదు. ఆ రోజు బస్సెక్కాక ఏమనిపించింది? తప్పించుకున్నానని హాయిగా అనిపించిందా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "లేదండీ. దిగిపోయి వెనక్కి వెళ్ళాలనిపించింది."

"అయితే అది కొలను గట్టు మీద వచ్చే దడ కాదు," అంది డాక్టరమ్మ.

మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. "నాకు కోపంగా ఉంది," అన్నారు.

"చెప్పండి. వాళ్ళకే చెప్పండి," అంది డాక్టరమ్మ.

"మా ఆవిడ పోయాక నాతో నిజం మాట్లాడేవాళ్ళు లేరు. ఏడుస్తానని మా పిల్లలు కూడా అన్నీ బాగున్నాయనే చెప్తారు. ఇక్కడొక్కచోటే నిజం దొరుకుతుందనుకున్నాను. మీరిద్దరూ నన్ను కూడా మభ్యపెట్టారు."

"తప్పయిపోయింది మాస్టారూ," అన్నాను. ఆమె లేచి వెళ్ళి ఆయన కుర్చీని ఆయన దగ్గరికి జరిపింది.

ఆయన కూర్చున్నారు. "నాకివాళ తొమ్మిది. రాసుకోండి, దాచుకోండి, ఏమైనా చేసుకోండి. మీకు పదైతే పదని ఏడవండి, నేనూ ఏడుస్తాను." కర్రతో నేల మీద ఒకసారి కొట్టారు. "మీరిద్దరూ చల్లగా ఉండాలి. అది వేరే సంగతి. కోపం కోపమే."

మాస్టారి నుంచి అంతకన్నా మంచి దీవెన ఎవరూ అందుకుని ఉండరు.

"గురువారానికి నేను మారతాను," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"అప్పుడే మొదలైంది పోట్లాట!" అంది టైలరక్క.

నేనే మారతానని పట్టుబట్టాను. నన్ను లిఫ్ట్ ఎక్కించినట్టే, ఆ వారం ఆమెని మళ్ళీ కొలను గట్టు మీదికి తీసుకెళ్తానంది డాక్టరమ్మ. తన వెనక తెలిసిన మొహాలుండాలి. ధైర్యంతో అన్న మాట కాదది.

గురువారం సాయంత్రం. అదే అంతస్తు, వరండా చివర ఇంకో గది. లోపలి నుంచి తెలియని గొంతులు వినిపిస్తున్నాయి. కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోతే ఎవరడుగుతారు?

"భయమేస్తోందా?" అంది ఆమె. టికెట్ల కిటికీ ఇంకొకరికి అప్పగించి మరీ వచ్చింది.

"చాలా."

"లోపలికి నేను రాకూడదు. ఇదిగో, ఈ బెంచీ మీద కూర్చుంటా. ఎంతసేపైనా."

తలుపు తోసి లోపలికి వెళ్ళాను.

బయటికొచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఆమె గబుక్కున లేచి నిలబడింది.

"ఏమైంది?"

"ఒక్క మొహం కూడా తెలీదు. నోరు పెగల్లేదు. వచ్చేద్దామనుకున్నా."

"తర్వాత?"

"నా వంతొచ్చింది. నాలుగో ఐదో అని చెప్పేసి ఊరుకుందామనుకున్నా."

"చెప్పేశారా?"

"లేదు. తొమ్మిదన్నా. పక్కన కూర్చున్నాయన 'నాదీ తొమ్మిదేనండీ' అన్నాడు. అప్పుడు మొదట్నించీ చెప్పా, ఆ స్లాబు సంగతి కూడా. అందరూ విన్నారు."

"అమ్మయ్య! దడ తగ్గిందా మరి?"

"ఏం తగ్గలేదు. కానీ బయట నువ్వున్నావు కదా, కూర్చోగలిగాను."

ఆమె తల పక్కకి వంచి నన్నే చూస్తోంది.

"ఏమన్నారు?"

"కూర్చోగలిగానన్నాను."

"అది కాదు. దానికి ముందు."

దానికి ముందు ఏమన్నానో వెతుక్కున్నాను. దొరికింది. ఇన్నాళ్ళూ 'మీరు', 'అండీ' అని గౌరవంగా నడిచిన నోరు, నన్నడక్కుండానే గీత దాటేసింది. నా మొహం వేడెక్కిపోయింది.

"సారీ అండీ. కంగారులో ఏదో..."

"కంగారు పడకుండా ఇంకోసారి అను," అంది.

అన్నాను.